రిబ్బన్‌లో లేని పనిముట్లు

ఆడిట్ ఆఫీసుకు సెప్టెంబరంటే పెళ్లివారిల్లు. నెలాఖరు గడువు తరుముకొస్తుంటుంది. ఎవరి కాగితాలు ఎవరి బల్ల మీద ఉన్నాయో ఎవరికీ తెలియదు. అలాంటి సెప్టెంబరులో ఓ ఆదివారం నేనొక్కణ్ణే కూర్చుని ఒక బియ్యం మిల్లు వోచర్లు సరిచూస్తున్నాను. అది ఇద్దరి పని. ఒకరు పుస్తకంలోని అంకె పైకి చదవాలి, రెండోవారు వోచరు మీద టిక్కు పెట్టాలి. చిట్టా ఆవర్జాల కాలం నుంచీ పద్ధతి ఇంతే. ఆ పూట నాకు చదివిపెట్టేవాళ్లు లేరు. తెర చూసి, కాగితం చూసి, మళ్లీ తెర చూసి, నలభయ్యో అంకె దగ్గర వరస తప్పాను. మొదటికొచ్చి మళ్లీ తప్పాను.

విసుగులో చెయ్యి ఊరుకోదు. ఎక్సెల్ కిటికీకి పైన ఎడమ మూల, సేవ్ బొమ్మ పక్కన, ఈగంత బాణం గుర్తు ఉంది. దాన్ని నొక్కాను. 'మోర్ కమాండ్స్' అంది. అదీ నొక్కాను. అక్కడ పైపెట్టెలో 'కమాండ్స్ నాట్ ఇన్ ద రిబ్బన్' అని కనబడింది. తెరిస్తే చాంతాడంత జాబితా. అందులో 'స్పీక్ సెల్స్' అని ఒకటి. దాన్ని పైవరసలో చేర్చుకుని, అంకెల నిలువు వరస ఎంచుకుని నొక్కాను.

యంత్రం చదవడం మొదలుపెట్టింది. ఒక్కో గడి, ఒక్కో అంకె, తొందర లేకుండా. నేను వోచర్లు తిప్పుకుంటూ టిక్కులు పెట్టుకుంటూ పోయాను. మధ్యాహ్నం భోజనానికి ముందే పని తెమిలింది. అన్నేళ్లుగా నా బల్ల మీదే నోరు మూసుకుని కూర్చున్న గుమాస్తా ఆ రోజు గొంతు విప్పాడు. లోపం ఒక్కటే. లక్షా పాతికవేలను 'హండ్రెడ్ ట్వెంటీఫైవ్ థౌజండ్' అన్నాడు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ జాబితాలోనివన్నీ ఎందుకు దాక్కున్నాయంటే, ఎవరూ పనిగట్టుకుని దాచలేదు. ఒకప్పుడు ఎక్సెల్‌కు పైన మెనూలుండేవి. 2007 వెర్షన్‌లో వాటిని తీసేసి రిబ్బన్ పెట్టారు. పాత సామానంతా కొత్త అలమారలో పట్టలేదు. పట్టనివాటిని పారేయకుండా అటకెక్కించారు. మా అమ్మ కూడా అంతే, ఇరవై ఏళ్లుగా కిందికి దించని గంగాళాన్ని అమ్మనివ్వదు. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ల భయం ఇంకొంచెం గట్టిది. ఏ దేశంలోనో ఎవరి షీటో ఆ ఒక్క ఆజ్ఞ మీద నడుస్తుంటే, తీసేసిన మర్నాడే ఫోను మోగుతుంది. అందుకని తీయరు, అలాగని చూపించరు.

అటక మీది సామానులో నాకిష్టమైంది 'కెమెరా'. కొన్ని గళ్లు ఎంచుకుని దాన్ని నొక్కి, ఇంకో షీటులో క్లిక్ చేస్తే ఆ గళ్ల బొమ్మ అక్కడ పడుతుంది. అసలు గడిలో అంకె మారితే బొమ్మలోనూ మారుతుంది. వెడల్పులు పొసగని మూడు పట్టికలను ఒకే కాగితం మీద ప్రింటు తీయాలంటే నాకు ఇంతకంటే తేలిక దారి దొరకలేదు.

నిజానికి ఈ అటక సంగతి నాకు ఎప్పుడో తెలిసి ఉండాలి. నేను పని నేర్చుకున్న ఆఫీసులో పెద్ద గుమాస్తాగారు మౌసు ముట్టుకునేవారు కాదు. ఏ పనికైనా ముందు స్లాష్ మీట కొట్టేవారు. పైన మెనూ దానంతటదే వెలిగేది. వేలు జారిందనుకుని ఒకసారి, "అది కాదేమోనండీ" అన్నాను. "నాకిది లోటస్ నేర్పింది అబ్బాయ్. ఆ సంగతి ఎక్సెల్‌కీ తెలుసు" అన్నారు, తెర మీంచి తల తిప్పకుండానే.

ఆయన మాట అక్షరాలా నిజం. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాములో స్లాష్ కొడితేనే మెనూ తెరుచుకునేది. వాళ్ల ఖాతాదారులను లాక్కోవాలంటే వాళ్ల వేళ్ల అలవాటును కూడా మోయాలని ఎక్సెల్‌కు అర్థమైంది. ఇవాళ్టి ఎక్సెల్‌లోనూ స్లాష్ కొట్టి చూడండి, రిబ్బన్ మీద అక్షరాలు లేస్తాయి. ఆల్ట్, డీ, పీ వరసగా కొడితే పాత పివట్ విజార్డ్ లేచొస్తుంది. పన్నెండు నెలల పన్నెండు షీట్లను ఒకే పివట్‌లో పోసే దారి అందులో ఉంది. రిబ్బన్‌లో ఆ విజార్డ్‌కు బటన్ లేదు.

లోటస్ ఇంటి నుంచి వచ్చిన ఇంకో సామాను 'డేట్‌డిఫ్' అనే ఫంక్షన్. మా పనిలో ఇది అన్నం పెట్టే సరుకు. ఉద్యోగి ఎన్నేళ్లు చేశాడు, ఆ పైన ఎన్ని నెలలు అన్నది తేలితేగాని గ్రాట్యుటీ లెక్క కదలదు. ఆరు నెలలు దాటితే ఇంకో ఏడాది కలపాలి. నేనేమో చాలాకాలం రోజులు లెక్కేసి 365తో భాగించి, లీపు సంవత్సరాల దగ్గర తడబడి, చేత్తో దిద్దుకునేవాణ్ణి. డేట్‌డిఫ్‌కు రెండు తేదీలిచ్చి 'వై' అంటే నిండిన ఏళ్లు, 'వైఎం' అంటే పైనున్న నెలలు ఇస్తుంది. తమాషా ఏమిటంటే, దాని పేరు టైపు చేస్తుంటే ఎక్సెల్ మిగతావాటికి అందించినట్టు మాట అందించదు. ఫంక్షన్ల జాబితాలో వెతికినా ఉండదు. నమ్మకంతో చివరిదాకా టైపు చేయాలి. రోజులకోసం వాడే 'ఎండీ' మాత్రం ఒక్కోసారి తప్పు చెబుతుందని మైక్రోసాఫ్టే తన సహాయ పుటలో హెచ్చరించింది. నేను ఏళ్లూ నెలల దగ్గరే ఆగుతాను.

లోటస్ తప్పు కూడా వారసత్వంగానే వచ్చింది. 1900 లీపు సంవత్సరం కాదు. ఎక్సెల్ మాత్రం ఆ ఏడు ఫిబ్రవరికి 29 రోజులంటుంది. లోటస్ ఫైళ్ల తేదీలతో తేడా రాకూడదని తెలిసే అలా ఉంచారు. ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన తప్పు చెప్పినా ఎదురాడరు చూడండి, అలా.

అటక మీదివి సరే. కళ్లెదుట ఉండీ కనబడనివే ఎక్కువని నా అభిప్రాయం. మా ఆఫీసులో ఆర్టికల్‌షిప్ చేస్తున్న ఒక అమ్మాయి ఉంది. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన ఓ రిపోర్టులో పార్టీ పేరు మొదటి లైన్లోనే ఉండి, కింద పదిహేను లైన్లు ఖాళీగా ఉన్నాయి. ఆ తర్వాత ఇంకో పేరు, మళ్లీ ఖాళీలు. మూడు వేల లైన్లు. నేను ఒక్కో పేరూ పట్టుకుని కిందికి లాగుతున్నాను. కాసేపు చూసి, "సార్, ఒక్కసారి కీబోర్డు ఇస్తారా" అంది. వరస మొత్తం ఎంచుకుంది. ఎఫ్5 కొట్టి 'స్పెషల్' తెరిచి 'బ్లాంక్స్' అంది. ఖాళీ గళ్లన్నీ ఒక్కసారిగా ఎంపికయ్యాయి. సమాన గుర్తు, పైబాణం, కంట్రోల్ పట్టుకుని ఎంటర్. మూడు వేల లైన్లూ నిండిపోయాయి.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మా అన్నయ్య చేస్తుంటే చూశాను సార్."

ఆ ఎఫ్5 మీట నా కీబోర్డు మీదా మొదటి నుంచీ ఉంది. నాకు తెలిసిన ఏ చిట్కా తీసుకున్నా దాని వెనక ఇలాంటి ఎవరో ఒక అన్నయ్య ఉంటాడు. ఈ విద్యకు పక్క కుర్చీయే బడి. ఎవరి తెర వాళ్లు ఇంట్లో పెట్టుకుని పనిచేసే రోజులొచ్చాక ఆ బడి కాస్త పలచబడింది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక పాత పగ కూడా చెప్పుకుంటాను. శీర్షిక మధ్యకు రావాలని గళ్లను మెర్జ్ చేసి పంపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ షీటును సార్టు చేయబోతే మొరాయిస్తుంది, నిలువు వరస ఎంచుకోబోతే పక్కది కూడా పట్టుకొస్తుంది. ఫార్మాట్ సెల్స్‌లో అలైన్‌మెంట్ కింద 'సెంటర్ అక్రాస్ సెలెక్షన్' అని ఒకటి ఉంది. చూపుకు అచ్చం మెర్జ్ చేసినట్టే, గళ్లు మాత్రం దేనికది విడిగానే ఉంటాయి. మెర్జ్ బటనేమో మొదటి వరసలో కూర్చుంది, ఇది నాలుగు తలుపుల అవతల.

నిజంగా దాచడమంటే ఏమిటో ఒకసారి చూశాను. ఓ పాత ఫైల్లో తరుగుదల అంకె వేరే షీటు నుంచి వస్తోంది. ఫార్ములాలో ఆ షీటు పేరుంది, కింద ట్యాబుల్లో లేదు. కుడిక్లిక్ చేస్తే 'అన్‌హైడ్' అన్న మాట బూడిద రంగులో ఉంది. అంటే దాచిన షీట్లేవీ లేవని ఎక్సెల్ సాక్ష్యం చెబుతోంది. ఆడిటరుకు అంతకంటే ఏం కావాలి? దొంగలెక్క దొరికిందనే అనుకున్నాను. ఆల్ట్ పట్టుకుని ఎఫ్11 కొడితే మాక్రోలు రాసే కిటికీ తెరుచుకుంటుంది. అందులో షీట్ల పట్టీలో ఆ పేరు ఉంది. దాని 'విజిబుల్' లక్షణం ఎదురుగా 'వెరీ హిడెన్' అని రాసి ఉంది. హిడెన్ కాదు, వెరీ హిడెన్. ఎక్సెల్‌లో ఇలా రెండంచెల దాపరికం ఉందని అప్పుడే తెలిసింది. మార్చి, షీటు బయటికి తెచ్చాను. పైన తరుగుదల రేట్లు, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. వాటి కింద ఓ పెళ్లి ఖర్చుల జాబితా: పందిరి, వంటవాళ్లు, సన్నాయి మేళం, విడిది. ఎప్పుడో మానేసి వెళ్లిపోయిన అకౌంటెంటుది కావచ్చు. రేట్లు సరిచూసుకుని, మళ్లీ వెరీ హిడెన్ చేసేశాను.

ఇక లక్ష సంగతి. ఎక్సెల్ కామాలు మూడేసి అంకెలకు పడతాయి, మనవి లక్ష దగ్గరా కోటి దగ్గరా పడాలి. కంప్యూటర్ రీజియన్ సెట్టింగుల్లో డిజిట్ గ్రూపింగ్ మన పద్ధతికి మార్చుకుంటే ఎక్సెల్ దాన్ని పాటిస్తుంది. కానీ అది ఆ ఒక్క కంప్యూటర్‌కే, ఫైలు ఇంకొకరికి పంపితే వాళ్ల సెట్టింగే చెల్లుతుంది. ఫైలుతోపాటు కామాలూ వెళ్లాలంటే కస్టమ్ ఫార్మాట్ పెట్టెలో ఇది రాయాలి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

కోటి దాటితే ఒక అచ్చు, లక్ష దాటితే ఇంకో అచ్చు, మిగతాది మామూలుగా. షరతులు రెండే పెట్టనిస్తుంది కాబట్టి మైనస్ అంకెలు దీనికి చిక్కవు. అంటే లాభం వస్తే లక్షల్లో, నష్టం వస్తే మిలియన్లలో చూపిస్తుంది. నష్టాల కంపెనీ యజమాని ఒకాయనకు ఇది వివరిస్తే, "కనీసం అది కాస్త తక్కువగా కనబడుతుందిలెండి" అన్నాడు.

అంకెను అక్షరాల్లో రాయించడం ఇంకా పెద్ద కథ. చెక్కులకూ రసీదులకూ ఇన్‌వాయిసులకూ మాకు అది రోజూ కావాలి. అంకె ఇస్తే డాలర్లూ సెంట్లలో మాటలుగా రాసే మాక్రో ఒకటి మైక్రోసాఫ్టే నమూనాగా ఇచ్చింది. మనవాళ్లు డాలర్లు కొట్టేసి రూపాయలు పెట్టి, మిలియన్లు పీకేసి లక్షలూ కోట్లూ అతికించి, పెన్‌డ్రైవుల్లో ఆఫీసు నుంచి ఆఫీసుకు చేరవేశారు. ఫైలును మాక్రో రకంగా సేవ్ చేయడం మరిచిపోతే మర్నాడు రూపాయల చోట '#నేమ్?' అని ఉంటుంది.

విచిత్రం ఏమిటంటే, ఇదే పని చేసే ఫంక్షన్ ఎక్సెల్‌లో ఎప్పటి నుంచో ఉంది. పేరు 'బాత్‌టెక్స్ట్'. మన కంప్యూటర్లలోనూ ఉంది, ఇప్పుడే ప్రయత్నించవచ్చు. ఏ అంకె ఇచ్చినా థాయ్ భాషలో, థాయ్ లిపిలో, చివర బాత్ అని చేర్చి రాసిపెడుతుంది. రూపాయికి అలాంటిది లేదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా నేను ఒక ఖాళీ షీటు తెరిచి, సమాన గుర్తు కొట్టి, 'రూపీ' అని టైపు చేసి చూస్తుంటాను. ఇంతవరకూ ఏ మాటా అందించలేదు.