విషం లేని ఎర

వరి పొట్ట దశకు రాకముందే గట్ల మీద ఎలుకల బొరియలు వెతకాలి. కనిపించినవన్నీ మట్టితో మూసేస్తాం. మర్నాటికి మళ్లీ తెరుచుకున్నవాటిలోనే ఎలుకలున్నట్టు లెక్క. 98 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె పట్టించి, మందు కలపకుండానే పొట్లాలు కట్టి ఆ బొరియల్లో వేస్తాం. రెండు రోజులు ఇదే మేత. పంట తినేవాటిని మళ్లీ మేపడమేమిటని విసుక్కునేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఈ పనంతటికీ ఆయువుపట్టు ఆ రెండు రోజులే.

ఎలుక కొత్త తిండిని కడుపు నిండా తినదు. కాస్త కొరికి ఆగుతుంది. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు, మింగిన విషం వెనక్కి రాదు. కొన్ని గంటల తర్వాత ఒంట్లో తేడా చేసినా, ఆ తిండి రుచినే అనుమానిస్తుంది. 1955లో అమెరికాలో జాన్ గార్సియా, ఆయన తోటివారు ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లిచ్చి, గామా కిరణాలతో జబ్బు చేయించారు. ఆ తర్వాత అవి తియ్యటి నీళ్ల జోలికి పోవడం బాగా తగ్గించేశాయి. 1966లో గార్సియా, కోలింగ్ కలిసి చేసిన ప్రయోగం ఇంకా గొప్పది. నీళ్లు తాగుతుంటే తీపితో పాటు వెలుగు, చప్పుడు కూడా కలిపారు. జబ్బుపడ్డ ఎలుకలు తీపికి దూరమయ్యాయి. కరెంటు షాక్ తగిలినవి వెలుగుకూ చప్పుడుకూ బెదిరాయి. కడుపులో బాధకు కారణాన్ని నోటి రుచిలోనే వెతకాలని ఆ చిన్న ప్రాణికి ఎవరు చెప్పారు? పంట కోసం దాన్ని చంపక తప్పదు గానీ, ఆ తెలివిని గౌరవించకుండా ఉండలేను.

ఎరలో కలిపే ఎలుకల మందు జింకు ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువుగా మారుతుంది, గంటల్లోనే పనిచేస్తుంది. చాలినంత తినకముందే బాధ మొదలైతే ఎలుక బతికిపోతుంది, ఆపైన వారాల తరబడి ఆ ఎరను ముట్టదు. అందుకే నూకలు ముందు నమ్మకమైన తిండి కావాలి. ఆ తర్వాతే 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు. కలపడం కర్రతోనే, చేత్తో కాదు. బ్రోమాడయోలోన్ అనే మరో ఎలుకల మందు దారి వేరు. రక్తం గడ్డకట్టనివ్వకుండా రోజుల మీద చంపుతుంది. ఎప్పుడో తిన్నదానికీ ఇప్పటి నీరసానికీ ముడి ఎలుకకు అందదు.

కెనడాలో బెనెట్ గాలెఫ్ మరో సంగతి తేల్చాడు. తిని వచ్చిన తోటి ఎలుక ఊపిరి వాసన పట్టి, మిగతావి అదే తిండికి మొగ్గుతాయి. అంటే మందు లేని నూకల వాసన బొరియలో ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. పొట్లం దాకా రాని ఎలుకకూ అది తెలిసిన తిండే అవుతుంది. ఒక్కడి చేలో వేస్తే పక్క చేలోవి వచ్చి చేరతాయి కాబట్టి, కాలువ కింద రైతులంతా ఒకే రోజు మొదలుపెట్టాలని పట్టుబడుతుంటాను. నూకలు చందా వేసుకుని కొన్నా నష్టం లేదు.