గీత ఒకటి కాకముందే చూపించండి

భీమిలి నుంచి మూలపేట దాకా తీరం వెంట కొత్త హైవే వేస్తారన్న మాట టెక్కలి టీ కొట్ల దగ్గర చాన్నాళ్లుగా నలుగుతోంది. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టు వచ్చాక రోడ్డు రావాల్సిందే. ఏ దారిన వస్తుందన్నదే నా బెంగ.

పెద్ద రోడ్డు వేసేముందు కన్సల్టెంట్లు రెండు మూడు అలైన్‌మెంట్లు గీసి పట్టికలో పక్కపక్కన పెడతారు. పొడవెంత, వంతెనలెన్ని, ఎంత భూమి తీసుకోవాలి, ఎన్ని ఇళ్లు పోతాయి, అడవి గానీ తీరప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) గానీ తగులుతుందా, పెట్టిన డబ్బుకు ఫలితమెంత. మంచి పద్ధతే. ఆ పట్టిక లేకపోతే పలుకుబడి ఉన్నవాడి పొలం దగ్గర రోడ్డు మెలికలు తిరుగుతుంది. కాకపోతే ఆ గళ్లలోకి మన నేల ఎలా ఎక్కుతుందో చూడాలి.

ఒక దారి సముద్రం పక్కన ఇసుక మెరక మీదుగా. నీరు నిలవదు, ఎత్తుగా మట్టి పోయక్కర్లేదు. కానీ ఊళ్లూ, జీడితోటలూ, కొబ్బరితోటలూ ఉన్నది ఆ మెరక మీదే. రెండో దారి దానికి పడమట ఉన్న బీల, అంటే చిత్తడి నేల మీదుగా. ఇళ్లుండవు కనక కాగితం మీద చౌక. కొండల నుంచి దిగే వాననీరు సముద్రంలో కలిసేముందు ఆగేది అక్కడే. దానికి అడ్డంగా గట్టు పోసి చాలినన్ని తూములు పెట్టకపోతే ఎగువన వరిచేలు మునుగుతాయి, దిగువన తేమ పోతుంది. మూడో దారి, ఉన్న 16వ నంబరు జాతీయ రహదారినే వెడల్పు చేసి పోర్టుకు ఒక పాయ తీయడం. చుట్టు ఎక్కువ కాబట్టి పట్టికలో వెనకబడొచ్చు. అయినా ముందు దాన్నే నిజాయితీగా లెక్కగట్టాలని నా పట్టు.

బీలను ఖాళీ జాగా అనుకుంటే ఏమవుతుందో మా శ్రీకాకుళం జిల్లా చూసింది. 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో బీల నేలల్లో థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

ఇక చెట్టు లెక్క. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం చెట్ల విలువ ఉద్యాన నిపుణులతో కట్టించవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి నేలకొరిగింది. మళ్లీ నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. ఆ ఎదురుచూపంతా అయ్యాక తోటలో సర్వే రాయి దిగితే, మొక్క ధర రాసుకుపోవడం లెక్క అనిపించుకోదు.

జాతీయ రహదారైతే ఆ చట్టం కింద భూసేకరణకు 3ఏ నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. అప్పటికి పటంలో మిగిలేది ఒకటే గీత. వాదన రోడ్డు దారి వదిలేసి పరిహారం మీదకు మళ్లుతుంది. వజ్రపుకొత్తూరు వైపు జీడి రైతొకాయన నాతో అన్నాడు: "రోడ్డొద్దని మేమనట్లేదు బాబూ. ఏ తోట మీంచి ఎల్తాదో ముందే సెప్పమంతన్నాం."

అంచేత మూడు గీతలూ ఉన్నప్పుడే ఆ పటం, పట్టిక తెలుగులో, సర్వే నంబర్లతో పంచాయతీ ఆఫీసు గోడకు పెట్టాలి. గ్రామసభలో ఇంజనీరే వచ్చి చదివి వినిపించాలి. సర్వే బృందం మే నెలలో ఎండిన బీలను కొలిచి ఊరుకోకుండా, తుపాన్లొచ్చే అక్టోబరులో మరోసారి వచ్చి నీరు ఎక్కడిదాకా నిలుస్తోందో ఊరివాళ్లతో నడిచి గుర్తు పెట్టుకోవాలి. తూములెన్ని, ఎక్కడెక్కడ అన్నది ఆ గుర్తులను బట్టే ఎస్టిమేట్‌లో రాయాలి.