రెక్క తెరిచేదాకా

బత్తాయి తోటలో రాత్రిపూట టార్చి వేస్తే కాయను పట్టుకుని ఎండుటాకు ఒకటి కనిపిస్తుంది. నేను ముందు చూసేది దాని వెనక అంచు. మొదట్లో చిన్న బుడిపె, చివర కొక్కెం, మధ్యలో లోపలికి పోయిన వంపు. ఆ వంపు కనిపిస్తే యూడొసిమా ప్రజాతే అని నా మనసు సగం ఒప్పుకుంటుంది. మన రైతులు రసం పీల్చే రెక్కల పురుగు అనేది దీన్నే.

ఏ జాతో తేలాలంటే అది రెక్క తెరవాలి. పుల్లతో మెల్లగా కదిపితే ఒక్క క్షణం నారింజ రంగు వెనక రెక్క మెరుస్తుంది. అందులో గుండ్రని నల్ల చుక్కుంటే మెటర్నా, వంకర మచ్చయితే ఫలోనియా కావచ్చు. కావచ్చు అనే అంటాను, ఎందుకంటే హోమీనా అనే మరో జాతికీ వంకర మచ్చే. పైగా ఫలోనియా మగదాని ముందు రెక్క సాదాగా, ఆడదానిది మరకలతో ఉంటుంది. ఒక్క ఫొటో పంపి పేరు చెప్పమనేవాళ్లతో నాకు అందుకే పేచీ. బ్రిటిష్ ఇండియా రెక్కల పురుగుల మీద హాంప్సన్ రాసిన 1894 నాటి సంపుటంలో ఇవి ఓఫిడెరెస్ పేరుతో ఉన్నాయి. ఆ వర్ణనలు రెక్కలు పరిచి గుండుసూదికి గుచ్చిన నమూనాలవి. కాయ మీద రెక్కలు మూసుకు కూర్చున్నదాని దగ్గర సగమే పనికొస్తాయి.

కాయను పొడిచేది ఇదే అనడానికి తొండం చూస్తే మాత్రం అనుమానం ఉండదు. మామూలు రెక్కల పురుగుల తొండం మెత్తని గొట్టం, కారిన రసం తాగడానికే సరిపోతుంది. దీనికి కొస గట్టిపడి ఉంటుంది, భూతద్దం పెడితే దాని మీద ముళ్లూ కొక్కేలూ కనిపిస్తాయి. మంచి కాయ తొక్కను అవే చీలుస్తాయి. సూదిమొనంత రంధ్రం, చుట్టూ మెత్తబడటం, బూజు, ఆపైన కాయ రాలడం. ఆ రంధ్రం దగ్గరికి తర్వాత చేరే పురుగులు చాలా ఉంటాయి, పాపం అవి ఎంగిలికి వచ్చినవే. తెల్లారి కాయ మీద దొరికిందల్లా దొంగ కాదు.

గొంగళిపురుగు కోసం బత్తాయి ఆకులు తిరగేయడం దండగ. అది పెరిగేది కంచె మీది తిప్పతీగ, దూసరితీగల మీద. పక్కల పెద్ద కళ్లలాంటి మచ్చలు, కదిపితే తల ముడిచి తోక పైకెత్తే తీరు చూస్తే ఫలోనియా పిల్లను గుర్తుపట్టొచ్చు. తీగలు పీకేస్తే సరిపోతుందా అని రైతులు అడుగుతారు. మీ కంచెవి పీకగలరు, గుట్ట మీదివి ఎవరు పీకుతారు? ఇది దూరం నుంచి ఎగిరొచ్చే పురుగు. ఖర్చయినా కాయలకు సంచులు కట్టుకోమనే చెబుతాను.