నోటుకు కాపలా కాగితమే

దొంగనోట్ల మాట వస్తే చాలు, అందరి చూపూ అచ్చు మీదికే పోతుంది. బొమ్మ సరిగా ఉందా, రంగు తేడాగా ఉందా అంటూ. నన్నడిగితే నోటుకు అసలు కాపలా కాగితమే. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1861 చట్టంతో నోట్ల జారీ ప్రభుత్వం చేతికొచ్చింది. మొదటి నోట్లు ఒకవైపే అచ్చయినవి. ఇంగ్లండులో చేత్తో తీసిన కాగితం, అందులో వాటర్‌మార్క్, పైన విక్టోరియా రాణి బొమ్మ. నకిలీలు ముమ్మరమయ్యేసరికి 1867లో వాటిని మార్చేశారు. పోయింది రాణి బొమ్మ, వాటర్‌మార్క్ మాత్రం నిలిచింది. మరి అది మొదటి నోట్లలోనూ ఉందిగా, దొంగల్నెందుకు ఆపలేదు? ఈ ప్రశ్న న్యాయమైనదే. వెలుతురుకు పట్టి చూసేవాడు లేకపోతే ఏ వాటర్‌మార్కూ ఎవర్నీ ఆపదు. బొమ్మ కళ్లను లాగేస్తే కాగితాన్ని చూసేదెవరు?

వాటర్‌మార్క్ పైన వేసేది కాదు. గుజ్జు తడిగా ఉండగానే ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పడేలా చేస్తారు. కెనడావాళ్లు ఇంకో ఉపాయం పట్టారు: గుజ్జులోనే చిన్న రంగు బిళ్లలు చల్లేవారు. అసలు నోటైతే గోటితో గీకితే పైనున్న బిళ్ల ఊడివచ్చేది, నకిలీ మీద చుక్క అచ్చు గనక ఊడదు. పరీక్షకు గోరు చాలు, యంత్రమక్కర్లేదు.

ఇప్పుడు దొంగలు మన నోట్ల వాటర్‌మార్కులోని గాంధీ బొమ్మను తెల్లరంగుతో అద్దేస్తున్నారనొచ్చు. నిజమే, కానీ అద్దిన బొమ్మ వెలుతురుకు పట్టకుండానే కనిపిస్తుంది. అయిదొందల నోటు వంచితే ఆకుపచ్చ దారం నీలంగా మారాలి. అంతా ఫోన్లోనే కడుతున్నాం కదా అనేవారు, మిర్చి కోతల సాయంత్రం కూలి ఎలా చేతులు మారుతుందో చూడాలి. ఆ మసక వెలుతురులో చూపు ఆనదు, వేలే దిక్కు. మన నోటు పత్తి పీచుతో చేసింది, మన చేలలో పండే ఆ పత్తే, అందుకే మామూలు కాగితంలా మెత్తగా జారదు, గరగరమంటుంది. నలిగి మాసిన నోటు దగ్గర ఈ పరీక్ష కొంత తడబడుతుంది, ఒప్పుకోవాలి.

దొంగనోటని తేలితే బ్యాంకు ముద్ర కొట్టి ఉంచేసుకుంటుంది, పైసా ఇవ్వదు. నష్టం చివర పట్టుకున్నవాడిదే. కోతల సీజను మొదలుకాకముందే బ్యాంకులవాళ్లు ఊళ్లకొచ్చి, అసలు నోటు కూలీల చేతిలో పెట్టి తడిమి చూడటం నేర్పాలి.