హెలెన్ నుదుటి మీద ప్లాస్టర్

లండన్ భూగర్భ రైలు స్టేషన్‌లో హెలెన్ గబగబా మెట్లు దిగుతోంది. కింద రైలు ఆగి ఉంది. మెట్ల మీద ఒక చిన్నపిల్ల బొమ్మ పట్టుకుని అడ్డొస్తుంది. పిల్లను తప్పించుకుని హెలెన్ కిందికి చేరేసరికి తలుపులు ముఖం మీదే మూసుకుపోతాయి. అప్పుడు తెర మీద దృశ్యం వెనక్కి తిరగడం మొదలవుతుంది. హెలెన్ వెనకడుగులతో మెట్లెక్కుతుంది. మళ్లీ దిగుతుంది. ఈసారి తల్లి పిల్లను పక్కకు లాక్కుంటుంది. హెలెన్ మూసుకుంటున్న తలుపుల మధ్య నుంచి ఎలాగో దూరిపోతుంది. రైలు కదులుతుంది.

1998లో వచ్చిన ‘స్లైడింగ్ డోర్స్’ మొత్తం ఈ తలుపుల దగ్గరే చీలిపోతుంది. రచన, దర్శకత్వం పీటర్ హోవిట్. అంతకుముందు ఆయన నటుడు, దర్శకుడిగా ఇదే మొదటి సినిమా. నిర్మాతల్లో సిడ్నీ పొల్లాక్ ఒకరు. హెలెన్‌గా గ్వినెత్ పాల్ట్రో నటించింది. ఆ ఏడాది సన్‌డాన్స్ చిత్రోత్సవం ఈ సినిమాతోనే మొదలైంది. స్టేషన్ దృశ్యాల కోసం వాటర్లూ, ఫుల్హామ్ బ్రాడ్‌వే స్టేషన్లను వాడుకున్నారు.

ఆ వెనక్కి తిరిగే ముక్కను ఆగి చూడాలి. ఇలాంటి కథకు మన దగ్గరైతే ఒక సాధువో, మంత్రపు గడియారమో, కనీసం ‘ఒకవేళ రైలు దొరికి ఉంటే...’ అని గంభీరంగా చెప్పే గొంతో ఉండేది. హోవిట్ ఏదీ పెట్టలేదు. విధి మనుషుల్ని ఎలా ఆడిస్తుందో ఏ పాత్రా ఉపన్యాసం ఇవ్వదు. వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు నడిపాడు, అంతే. ఇంకో సంగతి. రెండోసారి మారింది హెలెన్ కాదు. ఆమె అంతే వేగంగా దిగింది, అంతే ఆత్రంగా ఉంది. మారింది ఎవరో ఒక తల్లి చెయ్యి కదిలిన తీరు. హెలెన్ కష్టపడి సాధించిందీ లేదు, బద్ధకించి పోగొట్టుకున్నదీ లేదు. ప్రాప్తం అని మనం తేలిగ్గా అనేస్తాం కదా, దాన్ని ఇంత తక్కువ సామగ్రితో చూపించిన సన్నివేశాలు అరుదు.

అక్కడి నుంచి కథలు రెండు. హెలెన్ ఆ ఉదయమే ఉద్యోగం పోగొట్టుకుంది. తన పుట్టినరోజుకు ఆఫీసు వోడ్కా సీసాలు పట్టుకెళ్లిందన్నది అభియోగం. రైలెక్కిన హెలెన్ పక్క సీట్లో జేమ్స్ (జాన్ హన్నా) కూర్చుంటాడు. వాగుడుకాయ. ఆమెకు మాట్లాడే ఓపిక లేదు, అతనికి ఊరుకునే అలవాటు లేదు. ఇంటికెళితే తనతో కలిసి ఉంటున్న జెర్రీ (జాన్ లించ్) తన పాత ప్రియురాలు లిడియా (జీన్ ట్రిపుల్‌హార్న్)తో మంచం మీద దొరుకుతాడు. హెలెన్ ఆ ఇల్లు వదిలి స్నేహితురాలు ఆనా దగ్గరికి చేరుతుంది. రైలు తప్పిన హెలెన్ పైకొచ్చి టాక్సీ కోసం చూస్తుంటే ఒక దొంగ ఆమె సంచి లాగుతాడు, తలకు దెబ్బ తగులుతుంది. ఆసుపత్రికి వెళ్లి కుట్లు వేయించుకుని ఇల్లు చేరేసరికి లిడియా వెళ్లిపోయి ఉంటుంది. జెర్రీ అమాయకపు ముఖం పెట్టుకుని ఎదురొస్తాడు.

ఇక్కడి నుంచి చివరిదాకా రెండు కథలూ పక్కపక్కనే నడవాలి. ఒకే నటి, ఒకే ఊరు, ఒకే రోజులు. చూసేవాడు ఒక్కసారి తికమకపడితే సినిమా కుప్పకూలుతుంది. తెర మీద ‘కథ ఒకటి’, ‘కథ రెండు’ అని వేసుకోవచ్చు, రంగుల ఛాయ మార్చవచ్చు. హోవిట్ మాత్రం ఒక ప్లాస్టర్ ముక్కతో పని కానిచ్చాడు. దొంగ కొట్టిన దెబ్బకు రైలు తప్పిన హెలెన్ నుదుటి మీద ప్లాస్టర్ పడుతుంది. నుదుట ప్లాస్టర్ ఉంటే ఈమె, లేకపోతే ఆమె. ఎవరూ చెప్పక్కర్లేదు, కన్ను తనంతట తనే పట్టేస్తుంది. కానీ గాయం మానుతుంది కదా, ప్లాస్టర్ ఎన్నాళ్లని ఉంటుంది? అది పోయే వేళకు రైలెక్కిన హెలెన్ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని బంగారు రంగు వేయించుకుంటుంది. ఒక గుర్తు పోయేలోపు ఇంకో గుర్తు వచ్చేసింది. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే. ఎందుకంటే ఆ రెండు గుర్తులూ కథలోంచే పుట్టాయి. దెబ్బ తిన్నది ఒకామె, పాత బతుకును కత్తిరించుకున్నది ఇంకొకామె. చూసేవాడి సౌకర్యం కోసం పెట్టిన గుర్తు పాత్ర మనసును కూడా చెబుతోంది.

ద్విపాత్రాభినయం మనకు కొత్త కాదు. 1964 నాటి ‘రాముడు భీముడు’లో ఎన్టీఆర్ భయస్తుడిగా, ధైర్యస్తుడిగా మారి మారి కనిపించడం మన ప్రేక్షకులకు వెన్నతో పెట్టిన విద్య. అక్కడ ఇద్దరూ వేర్వేరు మనుషులు కనక నటుడు ఇద్దరికీ వేర్వేరు నడక, మాట, చూపు పెట్టాలి, ఎంత తేడా ఉంటే అంత మెప్పు. పాల్ట్రోకు వచ్చిన పరీక్ష దీనికి పూర్తిగా తలకిందులు. ఇద్దరూ ఒకే మనిషి. తేడా ఎక్కువ చేస్తే అబద్ధం, అసలు చేయకపోతే విసుగు. ఆమె స్వభావాన్ని మార్చలేదు. వెటకారం అదే, కోపం వస్తే మాటలు తడబడటం అదే. బరువు ఒక్కటే మారింది. రైలు తప్పిన హెలెన్ పొద్దున శాండ్‌విచ్‌లు అందిస్తూ, సాయంత్రం హోటల్లో వడ్డిస్తూ రెండు ఉద్యోగాలతో ఇల్లు లాక్కొస్తుంటుంది. జెర్రీ నవల రాస్తున్నానంటూ ఇంట్లో కూర్చుంటాడు. ఆమె భుజాలు కాస్త వంగుతాయి, నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. రైలెక్కిన హెలెన్ సొంతంగా ప్రచార వ్యాపారం పెట్టుకుని, జేమ్స్ స్నేహంతో తేలికపడుతుంది. నవ్వు ముందే వచ్చేస్తుంది. తేడా అంతవరకే. ఆ ఏడాదే వచ్చిన ‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’కు పాల్ట్రో ఆస్కార్ అందుకుంది కానీ, నన్నడిగితే కష్టమైన పని ఇదే.

ఇక కూర్పు. చాలామంది ఈ సినిమాను ‘ఏం జరిగి ఉండేదో’ అనే ఊహ కోసం గుర్తుపెట్టుకుంటారు. ఆ ఊహ అందరికీ వచ్చేదే, బస్సు తప్పిన ప్రతివాడూ స్టాపులో నిలబడి దాన్ని అల్లుకుంటాడు. హోవిట్ తెలివి ఇంకోచోట ఉంది. మొదటి కథలో దొరికిన సాక్ష్యంతో రెండో కథ నడుస్తుంది. రైలెక్కిన హెలెన్ జెర్రీని కళ్లారా చూసింది కనక మనకూ తెలిసిపోయింది. రైలు తప్పిన హెలెన్‌కు తెలియదు. అక్కడ ఆమె పక్కన కూర్చున్నది మనం. ఆమె ఇంటికొచ్చి రెండు బ్రాందీ గ్లాసులు చూసి ఇదేమిటని అడిగినప్పుడు, జెర్రీ తడుముకుంటూ సమాధానం వెతుక్కుంటాడు. మామూలు సినిమాలో అది అనుమానపు దృశ్యం అయ్యేది. ఇక్కడ ఆ గ్లాసులు ఎవరివో పక్క కథలో చూసొచ్చాం కనక, జెర్రీ నోటి నుంచి వచ్చే ప్రతి ముక్కా హాస్యమవుతుంది, ఆ నవ్వు వెనకే ఆమె మీద జాలి కలుగుతుంది. తలుపు సందులోంచి రహస్యం చూపించే అదనపు సన్నివేశం ఒక్కటి కూడా రాయనక్కర్లేకుండా రచయిత ఈ పని చేయించుకున్నాడు. ఒక కథ ఇంకో కథకు గూఢచారి.

జెర్రీ పాత్ర గురించి కొంచెం చెప్పాలి. ప్రేమ హాస్య చిత్రాల్లో మోసగాడు సాధారణంగా అందగాడు, మాటకారి. జెర్రీ దేనికీ పనికిరాడు. అబద్ధం కూడా సరిగ్గా ఆడలేడు. జాన్ లించ్ అతన్ని ఎప్పుడూ ఒక మెట్టు వెనక ఉండేవాడిలా, చెమటలు పట్టేవాడిలా చేశాడు. అతను తన బాధలు చెప్పుకునేది బారులో మిత్రుడు రస్సెల్‌కు. ఆ రస్సెల్ ఓదార్చడు, సలహా ఇవ్వడు, పగలబడి నవ్వుతాడు. డగ్లస్ మెక్‌ఫెరాన్ చేసిన ఈ చిన్న పాత్ర నాకు ఈ సినిమాలో అసలైన హాస్యం. జెర్రీ గోడు విని మనం ఎక్కడ కాస్త కరిగిపోతామో అన్న చోట రస్సెల్ నవ్వు వినపడుతుంది. రచయిత తన మోసగాడికి జాలి దక్కకుండా ఒక కాపలాదారుణ్ణి పెట్టుకున్నాడన్నమాట.

జేమ్స్ విషయంలో మాత్రం నాకు అంత మెప్పు లేదు. జాన్ హన్నా మంచి నటుడు, స్కాట్లాండ్ యాసలో మాట వెచ్చగా ఉంటుంది. కానీ ఆ పాత్ర చేత మాంటీ పైథాన్ జోకులు మోతాదు మించి చెప్పించారు. ఆ బ్రిటిష్ హాస్య బృందం కార్యక్రమాలు చూసి పెరిగినవాళ్లకు సరదా, లేనివాళ్లకు పక్కింటి వాళ్ల పెళ్లి వీడియో. పైగా జేమ్స్‌కు పెళ్లయిందన్న సంగతి హెలెన్‌కు చివర్లో బయటపడటం, అతను భార్యతో విడిపోయాడనీ, ఆసుపత్రిలో ఉన్న తల్లి బాధపడకూడదని కలిసున్నట్టు నటిస్తున్నాడనీ తేలడం కాస్త అతికించినట్టే ఉంటుంది. ఇద్దరి మధ్యా ఒక అపార్థం కావలసొచ్చి తెచ్చిపెట్టుకున్నదే తప్ప అది కథలోంచి పుట్టలేదు. ప్లాస్టర్ విషయంలో అంత పొదుపు చూపించిన చెయ్యేనా ఇది అనిపిస్తుంది.

ముగింపు చెప్పకుండా ఈ పనితనాన్ని మెచ్చుకోవడం కుదరదు కనక, సినిమా చూడాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగి చూసొచ్చి మిగతాది చదవండి.

అప్పటిదాకా మన లెక్క ఏమిటి? రైలెక్కిన హెలెన్ అదృష్టవంతురాలు. నిజం తొందరగా తెలిసింది, మంచివాడు దొరికాడు, సొంత పని మొదలైంది. రైలు తప్పినామె దురదృష్టవంతురాలు. మోసం, చాకిరీ, అలసట. రెండు కథల్లోనూ హెలెన్ గర్భవతి. రెండింట్లోనూ ఒకే సమయానికి ప్రమాదం. రైలు తప్పినామె ఉద్యోగపు ఇంటర్వ్యూ అనుకుని లిడియా ఇంటికి వెళుతుంది, అక్కడ నిజం బయటపడి పరిగెత్తబోయి మెట్ల మీద నుంచి పడుతుంది. రైలెక్కినామె వానలో వంతెన మీద జేమ్స్‌తో రాజీపడి, ఆ ఆనందంలోనే రోడ్డు దాటుతూ వాహనం కింద పడుతుంది. ఇద్దరూ ఆసుపత్రి పాలవుతారు, ఇద్దరికీ కడుపులో బిడ్డ దక్కదు. చనిపోయేది అదృష్టవంతురాలు. బతికేది రెండో ఆమె.

ఇది చూసినప్పుడు కోపం వస్తుంది. ప్రేమ హాస్యమని టికెట్ కొనుక్కున్నవాడికి ఇంత దెబ్బ కొడతారా అని. కానీ కూర్పు లెక్కలోకి దిగితే ఇంకో దారి లేదనిపిస్తుంది. ఇద్దరు హెలెన్‌లూ చివరిదాకా బతికితే సినిమా ఒక ఊహగా మిగిలిపోయేది, ఏది నిజమో తేలేది కాదు. దురదృష్టవంతురాలు చనిపోతే అది నీతికథ అయ్యేది. హోవిట్ ఎంచుకున్నది మూడోది, అన్నిటికన్నా చేదైనది. బతికిన హెలెన్ జెర్రీని వెళ్లిపొమ్మంటుంది. అంటే రైలెక్కినామె మొదటి రోజే చేసిన పని ఈమె అన్నీ పోగొట్టుకున్నాక చేస్తుంది. ఆలస్యమైంది గానీ తప్పిపోలేదు.

తర్వాత లిఫ్టులో ఆమె చెవిపోగు జారుతుంది, తల్లిని చూడ్డానికొచ్చిన జేమ్స్ తీసిస్తాడు. మొదటి రోజు ఉదయం ఆఫీసు లిఫ్టులో జరిగిందే ఇది. అతను తన అలవాటు జోకు మొదలుపెడతాడు, ఆమె దానికి సమాధానం చెప్పేస్తుంది. ఆ సమాధానం తెలిసింది చనిపోయిన హెలెన్‌కు, ఈమెకు కాదు. ఎలా తెలిసిందో సినిమా చెప్పదు. ఆ ఒక్క మాట మీద తెర దించేస్తాడు. జేమ్స్ జోకుల మీద నేను విసుక్కున్నాను గానీ, ఆ జోకు అన్నిసార్లు చెప్పించింది ఈ చోటుకు అవసరమయ్యే. దాన్ని ఒప్పుకోక తప్పదు.

రైలు అందడం, అందకపోవడం మీద కథ అల్లడం హోవిట్‌తో మొదలుకాలేదు. పోలండ్ దర్శకుడు క్షిష్టాఫ్ కీస్లోవ్‌స్కీ ‘బ్లైండ్ ఛాన్స్’ను 1981లో తీశాడు, అది 1987లో విడుదలైంది. అందులో యువకుడు రైలు కోసం మూడుసార్లు పరిగెడతాడు. మూడు జీవితాలు, మూడు రాజకీయాలు. ఒకటి అయ్యాక ఒకటి, వరసగా. హోవిట్ రాజకీయం జోలికి పోలేదు గానీ, కథల్ని వరసగా కాకుండా జడలా అల్లాడు. జెర్రీ అబద్ధాలు నవ్వు పుట్టించడానికి ఆ అల్లికే కారణం. కీస్లోవ్‌స్కీ పద్ధతిలో చెబితే మొదటి హెలెన్ కథ అంతా అయ్యాక రెండోది మొదలయ్యేది, బ్రాందీ గ్లాసుల దృశ్యం వచ్చేసరికి మన కోపం చల్లారిపోయి ఉండేది.

మనవైపు 2001లో జీవా దర్శకత్వంలో తమిళంలో వచ్చిన ‘12బి’ ఇదే దారి. రైలు బదులు సిటీ బస్సు, హెలెన్ బదులు షామ్. జ్యోతిక, సిమ్రన్ కథానాయికలు. జీవా స్వతహాగా ఛాయాగ్రాహకుడు కనక కంటికి ఇంపుగా తీశాడు. కథానాయకుణ్ణి మగవాణ్ణి చేయడంతో ఇద్దరు నాయికలకు చోటు దొరికింది, పాటలకు వీలు కుదిరింది. మన సినిమా లెక్కలో అది తెలివైన మార్పే. కాకపోతే మోసపోయినా ఆ సంగతి తెలియని మనిషి పక్కన మనల్ని కూర్చోబెట్టిన ఆ ఇబ్బంది, దాంట్లోంచి వచ్చే నవ్వు అక్కడ దొరకవు.

ఈ రచనకు 1998లో యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ స్క్రీన్‌ప్లే పురస్కారం హోవిట్‌కు వచ్చింది. తర్వాత ఆయన తీసినవాటిలో మనవాళ్లకు బాగా తెలిసింది 2003 నాటి ‘జానీ ఇంగ్లిష్’, మిస్టర్ బీన్‌గా మనకు పరిచయమైన రోవన్ అట్కిన్సన్ గూఢచారిగా చేసింది. నవ్వులకు అందులోనూ లోటు లేదు. కూర్పులో ఈ పట్టు మాత్రం నాకు అక్కడ దొరకలేదు.