చదువు లేని రచయిత, చదువు చెప్పే నవల

“నాకంత చదువు లేదు, నేనేం రాస్తాను?” గూడేల్లో, తండాల్లో కథ చెప్పగల యువతీయువకుల నోట మేము తరచుగా వినే మాట ఇది. పదో తరగతి తప్పినవాళ్లూ ఇదే అంటారు, డిగ్రీ చదివినవాళ్లూ ఇదే అంటారు. వాళ్లకు వట్టికోట ఆళ్వారుస్వామి గురించి చెప్పాలనుకుంటున్నాం. ఆయన్ని పొగిడి వదిలేస్తే మనకు ఉపయోగం లేదు. ఆయన రచయితగా ఎలా తయారయ్యారో, ఆయన నవల ఎంత దూరం నడిచి ఎక్కడ ఆగిందో రెండూ చూడాలి.

ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడి చదువు సాగలేదు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ అక్షరాలు పట్టుకున్నారు. హోటల్లో సర్వర్‌గా పనిచేశారు. హైదరాబాద్ చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. ప్రూఫులు దిద్దడమంటే ఇతరుల వాక్యాన్ని అక్షరం అక్షరం చూసి తప్పు పట్టుకోవడం. వాక్యం ఎక్కడ కుంటుతుందో ఆ పని నేర్పుతుంది. ఆయన వ్యాకరణ పాఠశాల అదే. తర్వాత పత్రికలకు రాశారు, గుమాస్తాల కోసం పత్రిక నడిపారు, కార్మిక సంఘాల్లో తిరిగారు.

1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. కాశీనాథుని నాగేశ్వరరావు గారి బిరుదునే దానికి పేరుగా పెట్టారు. తెలుగులో చదువుకోవడమే కష్టంగా ఉన్న నిజాం రాజ్యంలో పుస్తకాలు అచ్చువేసి, వాటిని తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. రాసేవాళ్లను వెతికి రాయించారు. ఈ పని ఆయన నవలల కంటే తక్కువది కాదని మా అభిప్రాయం. అచ్చువేసేవాళ్లు, మోసుకెళ్లి అమ్మేవాళ్లు లేకపోతే రచయితలు ఉండీ లేనట్టే.

1942లో క్విట్ ఇండియా రోజుల్లో జైలుకు వెళ్లారు. ఆ దశాబ్దం చివర మరికొన్నేళ్లు జైల్లోనే గడిచాయి. అక్కడ దొంగతనానికి, హత్యకు శిక్షపడ్డ మామూలు ఖైదీలతో కలిసి బతికి, వాళ్ల కథలనే “జైలు లోపల” పేరుతో రాశారు. మనిషి నేరం దాకా ఎలా వచ్చాడని అడగడం ఆ కథల తీరు. విలేకరికి ఉండాల్సిన ఓపిక అది. దాశరథి తన “అగ్నిధార”ను ఈ జైలు సహచరుడికే అంకితమిచ్చారు.

ఇక “ప్రజల మనిషి”. 1955లో వచ్చిన ఈ నవలలో దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దేశ్‌ముఖ్, అతన్ని ఎదిరించే కంఠీరవం ఉంటారు. ఈ నవల బలమంతా పత్రికా రచయిత చూపులో ఉంది. దొర చెడ్డవాడని చెప్పి ఊరుకోదు. ఆ చెడ్డతనం ఏ దారిలో నడుస్తుందో చూపిస్తుంది. వెట్టి ఎవరిచేత ఎలా చేయిస్తారు, భూమి ఎలా చేతులు మారుతుంది, అధికారి ఎవరి ఇంట్లో భోజనం చేస్తాడు, ఇవన్నీ అందులో ఉన్నాయి. గౌరవం దొరుకుతుందని, భూమి దొరుకుతుందని ఆశపడి దళితులు మతం మారడం, వాళ్లను మళ్లీ వెనక్కి తెచ్చే ప్రయత్నాలు, వీటి మధ్య వాళ్ల ఆకలి అలాగే మిగలడం కూడా ఉన్నాయి. ఏజెన్సీలో మన భూములు పోయిన తీరు తెలిసినవాళ్లకు ఇది పాత కథ అనిపించదు. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, మనం 1/70 అనే చట్టం, ఉండగానే భూములు ఎలా జారిపోతున్నాయో రాయాలంటే ఇలాంటి చూపే కావాలి. కన్నీళ్లతో పాటు కాగితాలనూ చదవాలి.

లోపాలూ చెప్పుకోవాలి. కంఠీరవం మరీ మంచివాడు. అతనికి సందేహం రాదు, తడబాటు ఉండదు. అందువల్ల చాలాచోట్ల మనిషిలా కాక సభలో వక్తలా కనిపిస్తాడు. నడిచే కథను ఆపి ఉపన్యాసం చెప్పే చోట్లూ ఉన్నాయి. విషయం తెలియజేయాలనే తొందర పత్రికా రచయితకు సహజం. నవలకు మాత్రం అది బరువు. తర్వాతి నవల “గంగు”లో ఒక స్త్రీని మధ్యలో నిలబెట్టి ముందుకు వెళ్లబోయారు కానీ, అది పూర్తికాకుండానే 1961లో, 46 ఏళ్లు నిండకముందే కన్నుమూశారు.

మనకు సంబంధించిన మాట ఇంకొకటి ఉంది. దిమ్మెగూడెం మైదాన ప్రాంతపు ఊరు. ఆయన పుస్తకాలు మోసుకు తిరుగుతున్న రోజుల్లోనే, 1940లో, అదే నిజాం రాజ్యంలో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. 1943లో మర్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలై, గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఒకే రాజ్యంలో, ఒకే కాలంలో, రెండుచోట్లా అక్షరం కోసం పోరాటం జరిగింది. మైదానపు పోరాటం నవల అయింది. అడవి పోరాటం చాలాకాలం పాటల్లో, పెద్దల నోళ్లలోనే మిగిలింది. 1983లో అల్లం రాజయ్య, సాహు కలిసి “కొమురం భీం” నవల రాశారు. ఆ మేలు మరచిపోలేం. అయితే మర్లవాయి బడిలో అక్షరం దిద్దిన గోండు పిల్లవాడి లోపల ఏం జరిగిందో ఆ ఇంటి మనిషే రాయాలి. పట్టా, పహాణీ, సర్వే అనే మాటలు మన గూడేలకు ఎప్పుడో వచ్చాయి. మన కోయ, గోండి, కొలామీ మాటలే ఇంకా పుస్తకాల్లోకి సరిగా రాలేదు.

అందుకని ఉపాధ్యాయులకు మా విన్నపం. “ప్రజల మనిషి”ని ఆశ్రమ పాఠశాల పై తరగతుల పిల్లలతో చదివించండి. చదివాక తమ ఊళ్లో భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో తాతనో అవ్వనో అడిగి రాసుకు రమ్మనండి. తెలుగు రానిచోట తమ భాషలోనే రాయనివ్వండి, తప్పులు తర్వాత దిద్దవచ్చు. యువకులకు చెప్పేది ఒకటే. వంట చేస్తూ, ప్రూఫులు దిద్దుతూ ఆయన రచయిత అయ్యారు. ఈ సంకలనానికే ప్రూఫులు దిద్దేవాళ్లు, సంతల్లో అమ్మేవాళ్లు కావాలి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.