గంట లెక్క, తీగ లెక్క

కోలారు బంగారు గనుల్లో ఛాంపియన్ రీఫ్ 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గని. పైన వైండింగ్ ఇంజిన్ నడిపేవాడికి షాఫ్టులోని కేజ్ గానీ, అందులో నిలబడ్డ మనుషులు గానీ కనపడేవారు కాదు. వినిపించేది గంట. ఎన్ని కొట్టారన్నదే మాట. కదులుతున్న కేజ్‌కు ఒక్క గంట అంటే ఆపమని. మనుషులు ఎక్కుతుంటే దానికి వేరే లెక్క. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం కూడా అర్థంలో భాగమే. ఒకే దారి, ఒకదాని వెనక ఒకటి, ముందే కుదుర్చుకున్న లెక్క. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కంప్యూటర్ లోకంలో ఆ గంటల పద్ధతినే సీరియల్ అన్నారు. అది ఎక్కడ అందంగా ఒదిగిందని నన్నడిగితే, హైపర్‌కార్డ్‌లో అంటాను.

1987 ఆగస్టులో ఆపిల్ విడుదల చేసిన హైపర్‌కార్డ్ బిల్ అట్కిన్సన్ సృష్టి. తెర మీద కార్డులు, కార్డుల మీద బటన్లు, ఒక్కో బటన్ వెనక నాలుగు వరుసల స్క్రిప్టు. డాన్ వింక్లర్ తీర్చిన ఆ స్క్రిప్టు భాష, హైపర్‌టాక్, పైకి చదివితే మనిషి మాటలాగే ఉంటుంది. అంత చక్కని భాషకూ ఒక లోటుంది. హైపర్‌కార్డ్ నడిచే మెకింతాష్ కంప్యూటర్ వెనక మోడెమ్ పోర్టు, ప్రింటర్ పోర్టు ఉన్నా, ఫోన్ నంబరు డయల్ చేయించడం, ప్రింటు తీయించడం మించి వాటితో మాటామంతీ సాగించే క్రియ అందులో లేదు.

ఆ లోటు తీరిన తీరు చూడండి! పాస్కల్‌లోనో సీలోనో చిన్న కోడు రాసి, ఎక్స్‌కమాండ్‌గా స్టాక్‌లో, అంటే కార్డుల కట్టలో, అతికిస్తే చాలు. దాని పేరు ఆ క్షణం నుంచి హైపర్‌టాక్‌లో ఒక క్రియ. కోలారు పల్లెల తెలుగులో కన్నడ మాట కలిసిపోయినంత సహజంగా కలిసిపోతుంది. స్క్రిప్టు రాసేవాడికి ఏది మొదటినుంచీ ఉన్నదో, ఏది నిన్న చేరిందో పట్టింపే ఉండదు. సీరియల్ పోర్టు తెరవడం, పంపడం, అందుకోవడం, మూయడం అన్నీ ఇలా చేరినవే.

తీగ మీద ఏం నడుస్తుందో ఒక్క అక్షరంలో చూద్దాం. కోలారు గనుల పొట్టి పేరు కేజీఎఫ్‌లో మొదటి ఇంగ్లిష్ అక్షరం కె. ఆస్కీలో దాని సంఖ్య 75. మాటలేమీ లేనప్పుడు తీగ 1 దగ్గర నిలిచి ఉంటుంది. ఉన్నట్టుండి 0కి దిగుతుంది. వినేవాడికి అదే పిలుపు. ఆపైన 75కు బైనరీ అంకెలు, చిన్న స్థానం నుంచి మొదలుపెట్టి 1, 1, 0, 1, 0, 0, 1, 0. చివర మళ్ళీ 1. 9600 బాడ్ వేగంలో ఒక్కో బిట్టుకు దాదాపు 104 మైక్రోసెకన్లు. రెండు వైపులకూ ఉమ్మడి గడియారం లేదు. ఆ మొదటి దిగుడుతో కాలం సరిచూసుకుని, మిగతా తొమ్మిదింటినీ నమ్మకం మీద లెక్కపెట్టుకోవాలి. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

చెప్పడం కంటే వినడం కష్టం. హైపర్‌కార్డ్ తీరిగ్గా ఉన్నప్పుడల్లా కార్డుకు ఐడిల్ అనే సందేశం పంపుతుంది. అది అందగానే పోర్టులో ఏమైనా వచ్చిందా అని చూసి, వచ్చినదాన్ని ఫీల్డులో వేస్తే సరిపోతుంది. కార్డు వేరే పనిలో ఉంటే? సీరియల్ డ్రైవర్ మామూలుగా ఉంచే బఫర్ 64 బైట్లు. సెకనుకు 960 అక్షరాలు వస్తుంటే సెకనులో 15వ వంతుకే నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చినవి దక్కవు. అందుకే మంచి ఎక్స్‌కమాండ్ ముందుగా పెద్ద బఫర్ కేటాయిస్తుంది, పోర్టు మూసే ముందు పాత బఫర్‌నే తిరిగి డ్రైవర్‌కు అప్పగిస్తుంది. అవతలివాడి మాట పూర్తయ్యేదాకా చోటు ఉంచడం ఎంత మర్యాద!

ఆ రోజుల్లో ఈ క్రియలతో పయనీర్ లేజర్‌డిస్క్ ప్లేయర్లను నడిపేవారు. కార్డు మీద బటన్ నొక్కితే ఫ్రేము సంఖ్య, దాని వెనక వెతకమనే రెండక్షరాల ఆజ్ఞ తీగ మీద వెళ్ళేవి. ప్లేయర్ డిస్కు మీద ఆ ఫ్రేముకు చేరి, టీవీలో బొమ్మ నిలిపి, ఆర్ అనే అక్షరం తిరిగి పంపేది. అది వచ్చాకే స్క్రిప్టు తర్వాతి వరుసకు కదిలేది.